మామగారు, మూకీ సినిమా, హౌస్‌ఫుల్ బోర్డు

ఆ చలికాలం మా ఇంట్లో ఇద్దరు నిరుద్యోగులం ఉండేవాళ్ళం. ఒకరు నేను, రెండోవారు మా మామగారు. ఇద్దరికీ పనిచేసే ఓపిక ఉంది, చేసే హక్కు లేదు. నాది హెచ్-4 వీసా, ఆయనది విజిటర్ వీసా. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్ళో మూడేళ్ళుగా పప్పులు డబ్బాల్లో పోసి వాటి మీద చీటీలు అంటిస్తున్నాను. ముప్పయ్యారేళ్ళు సినిమా రిప్రజెంటేటివ్‌గా పనిచేసిన ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు మీద మనిషన్నవాడు కనిపిస్తాడేమోనని చూస్తున్నారు. రోజుకి ఒకరు కనిపిస్తే గొప్ప, అదీ కుక్క లాక్కెళితే. అత్తగారు మా ఆడపడుచు పురిటికి డల్లాస్‌లో ఉండిపోయారు. మా ఆయన పొద్దున్నే కార్ల కంపెనీకి వెళితే చీకటి పడ్డాకే రావడం.

రిప్రజెంటేటివ్ అంటే ఇప్పటివాళ్ళకి తెలియదు. విజయవాడ గాంధీనగరంలోని డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు నుంచి రీళ్ళ పెట్టెలు వెంటబెట్టుకుని, ఏ గుడివాడకో నూజివీడుకో బస్సులో వెళ్ళి, సినిమా ఆడినన్నాళ్ళూ ఆ హాల్లోనే మకాం వేసే మనిషి. పబ్లిసిటీ ఆయనదే. ఎంతమంది వచ్చారో చూసేదీ ఆయనే. హాలువాడు చెప్పే లెక్క నమ్మితే కొంప మునుగుతుంది కాబట్టి గేటు పక్కన నిలబడి వేలి గణుపుల మీద తలలు లెక్కపెట్టేవారట. రిటైరై పదేళ్ళయినా ఆ జబ్బు పోలేదు. గుడికి తీసుకెళ్ళినా దేవుణ్ణి చూసేవారు కాదు, జనాన్ని లెక్కపెట్టేవారు. "ఈవేళ పల్చగా ఉందమ్మాయ్, గట్టిగా డెబ్భై" అనేవారు ప్రసాదం తింటూ.

నాకు మాత్రం ఒక వ్యాపకం దొరికింది. మాకు ఇరవై నిమిషాల దూరంలో ఓ చిన్న ఊళ్ళో మూకీల కాలం నాటి సినిమా హాలు ఉంది. మూడు వందల సీట్లు. వలంటీర్లే నడుపుతారు. డబ్బులివ్వరు కాబట్టి వీసాకి భయం లేదని మా ఆయన లాయర్‌ని అడిగి మరీ ఒప్పుకున్నాడు. వారానికి రెండు రోజులు వెళ్ళి పాప్‌కార్న్ మెషీన్ తుడిచి, పాత కాగితాలు సర్దేదాన్ని. ఆ హాల్లో తెర పక్కన, గొట్టాల్లోంచి మోగే పెద్ద పైప్ ఆర్గాన్ ఉండేది. బొమ్మకి మాట లేని రోజుల్లో దాన్ని వాయిస్తేనే సినిమాకి తుఫానూ, ఏడుపూ, గుర్రపు డెక్కలూ అన్నీ. దాన్ని వాయించేది ఎనభైకి దగ్గరపడిన ఒక పెద్దావిడ. ఆవిడ తల్లి మూకీలకి అదే బల్ల మీద కూర్చుని వాయించిందట. మూకీలు పోయాక కూడా ఆటకి ముందు తల్లి వాయిస్తుంటే, పసిపిల్లప్పుడు ఈవిడ ఆ బల్ల కింద దుప్పటి మీద పడుకుని నిద్రపోయేదట.

ఆ ఆర్గాన్‌కే గండం వచ్చింది. మూకీ సినిమా వేస్తే ముప్ఫై మంది కూడా రావడం లేదని, వేరే రాష్ట్రంలో పాత వాయిద్యాలు సేకరించే ఆయనెవరో దాన్ని కొంటానంటున్నాడని కమిటీ ఛైర్మన్ చెప్పాడు. ఆయన రిటైరైన పళ్ళ డాక్టరు. చెడ్డవాడు కాదు గానీ, కదిలే పన్నయినా సరే, కదిలే సంస్థయినా సరే, పీకేయడమే ఆయనకి తెలిసిన వైద్యం. "నవంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆట వేద్దాం. రెండు వందల మంది వస్తే ఆర్గాన్ ఉంటుంది. రాకపోతే అమ్మేద్దాం" అన్నాడు. పెద్దావిడ బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచింది. నాకు ఒళ్ళు మండింది గానీ, పాప్‌కార్న్ తుడిచే మనిషి కోపం ఎవరికి కావాలి?

ఆ వారమే హాలు బేస్‌మెంట్‌లో ఓ అట్టపెట్టెలో ఆ పుస్తకం దొరికింది. వెడల్పాటి పేజీలు, పసుపెక్కిన కాగితం. అప్పట్లో సినిమా కంపెనీలు హాళ్ళవాళ్ళకి పంపే ప్రెస్ బుక్ అది. మేం ఆఖరి ఆటగా వేయబోతున్న సినిమాదే, లైట్‌హౌస్ కాపలాదారు కూతురి కథ. చూస్తే సరదాపడతారని మామగారికి చూపిద్దామని ఇంటికి తెచ్చాను. నా చేతులారా నేనే తెచ్చాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వేలితో ఒక్కొక్క లైనూ దాటుకుంటూ చదివారు. ఇంగ్లీషు మాట్లాడలేరు గానీ, ఆఫీసు ఉత్తరాలు చదివీ చదివీ నెమ్మదిగా అర్థం చేసుకుంటారు. ఏ సైజు పోస్టర్లు తెప్పించుకోవచ్చో మొదటి పేజీల్లో ఉంది. తర్వాత, ఊరి పేపర్లో అచ్చేయించుకోవడానికి సమీక్ష కూడా తయారుగా ఉంది. నిన్న మన హాల్లో ఆడవాళ్ళు రుమాళ్ళు తడుపుకున్నారని, ఊరి పేరు మాత్రం ఖాళీ వదిలి రాసిపెట్టారు.

"సినిమా పెట్టె దిగకముందే జనం ఏడ్చేశారమ్మాయ్!" అన్నారు మామగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదీ పనంటే. వీళ్ళు మనవాళ్ళే."

జనాన్ని రప్పించే ఉపాయాలని ఇంకో అధ్యాయం ఉంది. గేటు దగ్గరి కుర్రాళ్ళని తుఫానులో తడిసినట్టు నీళ్ళు పోసి నిలబెట్టమన్నారు. చేపల దుకాణంవాడితో మాట్లాడి చేపల్ని సినిమా కరపత్రాల్లో చుట్టించమన్నారు. మూర్ఛపోయే ఆడవాళ్ళ కోసం ఒక నర్సుని లాబీలో కూర్చోబెట్టమన్నారు. ఇంకా, పట్టపగలు ఒక మనిషికి వానకోటు తొడిగి, వెలిగించిన లాంతరు చేతికిచ్చి పెద్దరోడ్డు మీద నడిపించమన్నారు. ఎవరడిగినా "లైట్‌హౌస్ కాపలాదారు కూతురి కోసం వెతుకుతున్నాను" అని మాత్రమే చెప్పాలట.

"ఇవన్నీ మేం చేసినవే" అన్నారాయన. "పాము సినిమాకి గుడివాడలో హాలు ముందు పాములవాణ్ణి కూర్చోబెట్టాను. పాము తప్పించుకుని బాల్కనీలో దూరింది. ఆవేళ బాల్కనీవాళ్ళందరూ నేల టిక్కెట్లలోకి దిగి చూశారు. అయినా ఒక్కడూ బయటికి పోలా!"

మర్నాటి నుంచి ఆయన కిటికీ దగ్గర కూర్చోలేదు. "ఆ పెద్దావిడ వాయించే పెట్టె నేను పోనివ్వను. రెండు వందలే కదా? నూజివీడులో ఫ్లాప్ సినిమాకి అంతకన్నా లాగాను" అన్నారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే మూడేళ్ళ తర్వాత నాకూ ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది.

మంగళవారం నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోపు ఆయన ఇంట్లో లేరు. నా పసుపుపచ్చ రెయిన్‌కోటూ లేదు, క్యాంపింగ్ లాంతరూ లేదు. ట్రాయ్‌లో పెద్దరోడ్డంటే ఆరు లేన్లు, నడిచే మనిషి ఉండడు. చలికాలపు ఎండ తెల్లగా కాస్తుంటే వెలుగుతున్న లాంతరు పట్టుకుని, ఆడవాళ్ళ రెయిన్‌కోటులో డెబ్భయ్యేళ్ళ మనిషి ఆ రోడ్డు పక్కన నడుస్తూ ఉంటే పోలీసు కారు ఆగకేం చేస్తుంది? ఆ పోలీసు మర్యాదస్తుడు. ఎక్కడికి వెళుతున్నారు సార్ అని అడిగాడట. ఈయన ప్రెస్ బుక్‌లో ఉన్న మాట ఉన్నట్టు అప్పజెప్పారు.

అరగంటకి మా గుమ్మంలో కారు ఆగింది. పోలీసు టోపీ తీసి, చాలా మెల్లగా, "మేడమ్, ఈయన కూతురు మీరేనా?" అన్నాడు.

"కోడల్ని" అన్నాను.

"పాపం, పొద్దుటి నుంచి మీ కోసమే వెతుకుతున్నారు" అని, మతిమరుపు పెద్దల సహాయ కేంద్రం కరపత్రం నా చేతిలో పెట్టి వెళ్ళాడు. మామగారు ఆ కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాగితం బాగుంది. మనవి ఎక్కడ వేయిద్దాం?" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన శివమెత్తాడు. "నాన్నా, మన గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీస్ ఇంటికొచ్చాడంటే ఎంత రిస్కో తెలుసా? విజిటర్ వీసాలో మీరు పబ్లిసిటీ చేస్తే దాన్ని అన్‌ఆథరైజ్డ్ వర్క్ అంటారు!"

"జీతం లేదుగా?" అన్నారు మామగారు.

"జీతం లేకపోయినా వర్క్ వర్కే."

"ఆ మాట మా ఆఫీసు ఓనరు ఒక్కసారీ అనలేదురా" అన్నారాయన.

ఆ తర్వాత ఆయన్ని ఒంటరిగా వదలకుండా, మా ఆయన ఇంటికొచ్చేలోపు, నేనే డ్రైవర్‌నయ్యాను. ఈ దేశంలో నడిచేది ఎవరని ఆలోచించి, మనవాళ్ళ అపార్ట్‌మెంట్ల దగ్గర సాయంత్రం వాకింగ్ చేసే అమ్మానాన్నలేనని ఆయనే తేల్చారు. చీర మీద స్వెటరు, కాళ్ళకి స్నీకర్లు వేసుకుని జంటలు జంటలుగా తిరుగుతుంటారు. మా వ్యాన్ అద్దం దించి, నా కరయోకీ మైకు పట్టుకుని, "నేడే కాదు, ఈ ఆదివారమే చూడండి! కన్నకూతురి కోసం కడలికెదురొడ్డిన తండ్రి కథ! ఒకే ఒక్క ఆట!" అని ఆయన గొంతెత్తితే, ఆ పెద్దవాళ్ళు నిలబడిపోయి వ్యాన్ వెంట నాలుగడుగులు పరుగెత్తారు. నేను గంటకి ఐదు మైళ్ళ స్పీడులో డ్రైవ్ చేస్తూ పగలబడి నవ్వాను. అమెరికన్ల కోసం ఆ ఊరి లైబ్రరీలో, చర్చిలో, చేపల కౌంటర్‌లో కరపత్రాలు పెట్టాం. చేపలమ్మే అతను నిజంగానే రెండు రోజులు చేపలు వాటిలో చుట్టి ఇచ్చాడు.

శనివారం మామగారు గరాజ్‌లో ప్లైవుడ్ ముక్క కోసి, తెల్లరంగు పూసి, "హౌస్‌ఫుల్ అని ఇక్కడ ఏమంటారమ్మాయ్?" అని అడిగారు. నేనే ఎర్రరంగుతో సోల్డ్ అవుట్ అని రాసిచ్చాను. హాలు నిండాక పెడతారనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు, ముప్పయ్యారేళ్ళు రిప్రజెంటేటివ్‌గా చేసినవాళ్ళు తప్ప.

ఆదివారం ఆట రెండింటికి. కమిటీవాళ్ళు లోపల ప్రొజెక్టర్ చూసుకుంటున్నారు. పెద్దావిడ నల్ల వెల్వెట్ గౌను వేసుకుని, ఆర్గాన్ దగ్గర వేళ్ళు వెచ్చబెట్టుకుంటోంది. నేను పాప్‌కార్న్ వేస్తున్నాను. బయట చిన్నగా మంచు రాలుతోంది, చక్కెర చల్లినట్టు, కారు అద్దం మీద నిలవనంత. రెండింటికి పది నిమిషాలుంది, తలుపు తోసుకుని ఒక్క మనిషీ రాలేదు. మెషీన్ ఆపి బయటికి పరుగెత్తాను.

వాకిట్లో మెట్ల పక్కన బోర్డు. బోర్డు పక్కన కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలాగా మామగారు. ఒక కారు మెల్లగా వచ్చింది. లోపలి ముసలాయన బోర్డు చదివి, అద్దం దించి, "కంగ్రాచులేషన్స్!" అని బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు. మామగారు రెండు చేతులా దణ్ణం పెట్టారు. వెనకే ఇంకో కారు. అందులో ఆవిడా అంతే.

"మావయ్యగారూ! బోర్డు తియ్యండి!"

"అప్పుడేనా? ఇప్పుడిప్పుడే కదులుతోందమ్మాయ్. ఒంటిగంటకి పెట్టాను. అందరూ మెచ్చుకుంటున్నారు."

"వాళ్ళు వెళ్ళిపోతున్నారు!"

"తిరిగొస్తారమ్మా. బోర్డు చూసినవాడు ఎక్కడికి పోతాడు? అప్పుడే కదా మీదపడేది!"

ఆయన తప్పేముంది? మన ఊళ్ళలో హౌస్‌ఫుల్ బోర్డు చూసి ఇంటికి పోయినవాణ్ణి నేనూ ఎరగను. అప్పటిదాకా చూద్దామా వద్దా అని ఊగిసలాడేవాడు కూడా ఆ బోర్డు కనపడ్డాక గేటు మీదకెక్కుతాడు. సగం హాలు ఖాళీగా ఉండగానే ఆ బోర్డు పెట్టి మిగతా సగం నింపడం ఆయన వృత్తిలో ఓనమాలు. ఇక్కడేమో సోల్డ్ అవుట్ అని రాసి ఉంటే అయిపోయాయనే నమ్ముతారు. ఎదుటివాడి సంతోషానికి అభినందించి మరీ ఇంటికి పోతారు. నేను ఈ సంగతి రెండు ముక్కల్లో చెప్పాక ఆయన ముఖంలో రక్తం లేదు. బోర్డు పీకి, మా వ్యాన్ వెనక పెట్టి వచ్చారు.

రెండుంపావుకి మన తెలుగువాళ్ళు దిగారు. వీళ్ళలో చాలామంది బోర్డు ఉన్నప్పుడే పార్కింగ్‌లోకి వచ్చి, తోటివాళ్ళ కోసం కార్లలోనే ఆగారట, బోర్డు చదివారు కూడా, అయినా ఒక్కరూ వెనక్కి పోలేదు. "అంకుల్, మనవాళ్ళేగా, ఓ నాలుగు అడ్జస్ట్ చేయండి" అంటూ లోపలికొచ్చారు. మూడు వందల ఖాళీ సీట్లు చూసి కూడా, వెనక వచ్చేవాళ్ళ కోసమని పక్క సీట్లలో కోట్లు పరిచారు. మొత్తం నలభై ముగ్గురు. మాటల్లేని సినిమా కదా అని మాటలన్నీ వాళ్ళే మాట్లాడారు. విలన్ నిచ్చెన లాగేస్తుంటే వరంగల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి నిలబడి, "అరేయ్, వెనుక చూడు బిడ్డా!" అని అరిచాడు. పెద్దావిడ ఆ అరుపుకి తగ్గట్టు ఆర్గాన్‌ని ఉరిమించింది. నా జీవితంలో అంత బాగా ఆడిన సినిమాని చూడలేదు. మామగారు మాత్రం తెర వైపే చూడలేదు. వెనక గోడకానుకుని ఆ ఖాళీ సీట్లే చూస్తూ నిలబడ్డారు.

మంగళవారం సాయంత్రం కమిటీ మీటింగ్. ఆర్గాన్ సంగతి ఆవేళ తేలిపోవాలి. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, "నేనూ వస్తాను. చెప్పాల్సింది ఉంది. నువ్వు ఇంగ్లీషులో చెబుదువుగాని" అన్నారు. మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, "బోర్డు గురించి ఒక్క మాట రానివ్వకు. రేపు వాళ్ళు కంప్లైంట్ ఇస్తే, నాన్న వర్క్ చేశారని రాస్తే, అందరం పెట్టే బేడా సర్దుకోవాలి" అన్నాడు. నేను సరేనన్నాను. వ్యాన్‌లో దారంతా మామగారు చెప్పాల్సింది వల్లెవేసుకుంటూనే ఉన్నారు.

లాబీలో బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. డోనట్ల పెట్టె మధ్యలో. ఛైర్మన్ నిట్టూర్చి, "ఇంత చేసినా నలభై ముగ్గురే వచ్చారు. ఈ రోజుల్లో జనానికి ఇది అక్కర్లేదు, ఒప్పుకోవాలి" అన్నాడు. పెద్దావిడ తల ఊపింది. ఆ ఊపడం చూసి మామగారు లేచి నిలబడ్డారు.

"చెప్పమ్మాయ్. జనం వచ్చారు. నేనే పంపేశాను. ముందుగా బోర్డు పెట్టింది నేను. సినిమా తప్పు లేదు, ఆవిడ తప్పు అసలే లేదు. అది చెప్పు."

అందరూ నా వైపు చూశారు. నా నోట్లోంచి శుభ్రమైన ఇంగ్లీషులో వచ్చింది ఇది: "జనం తక్కువగా వచ్చినందుకు ఆయన చాలా బాధపడుతున్నారు. మంచు పడుతోందని భయపడి ఉంటారని అంటున్నారు."

"అవునవును, మంచు" అన్నాడు ఛైర్మన్, మర్యాదకి.

మామగారు నా ముఖంలోకి చూశారు. ఉత్తరాలు చదివీ చదివీ వచ్చిన ఇంగ్లీషు ఆయనది. స్నో అంటే ఏమిటో ఆయనకి తెలుసు.

"నో స్నో" అన్నారు, నాతో కాదు, వాళ్ళతో. గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "మీ. ఐ పుట్ బోర్డ్. పీపుల్ కమ్, పీపుల్ గో."

వ్యాన్ దగ్గరికి వెళ్ళి బోర్డు తెచ్చి డోనట్ల పక్కన నిలబెట్టారు. తర్వాత కుడిచేతి బొటనవేలు గణుపుల మీద నడిపించి, "వన్ హండ్రెడ్ ఎయిటీన్ కార్స్" అన్నారు. "టూ పీపుల్, త్రీ పీపుల్. వన్ కార్, ఫైవ్."

లెక్కపెట్టారు! ప్రళయం వచ్చినా గేటు పక్కన నిలబడితే ఆయన లెక్కపెట్టకుండా ఉండలేరు. కమిటీలో ఒకామె బల్ల మీద చరిచి, "మా చెల్లెలు ఫోన్ చేసింది! టిక్కెట్లు దొరకలేదు, కంగ్రాచులేషన్స్ అంది. నాకేమీ అర్థం కాలేదు!" అని అరిచింది. ఇంకొకాయన హాలు ఫోన్‌లోని మెసేజ్‌లు విన్నాడు. మళ్ళీ ఆట ఎప్పుడని పంతొమ్మిది మంది అడిగారు. ఛైర్మన్ బోర్డు వంక, మామగారి వంక మార్చి మార్చి చూసి, పన్ను పీకకుండా వదిలేయడం అదే మొదటిసారన్నట్టుగా, "ఇంకో ఆదివారం ఇద్దాం. ఈసారి బోర్డు నేను పెడతాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ ఏ కంప్లైంటూ రాయలేదు. అసలు ఆ ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

పెద్దావిడ నవ్వలేదు. కుర్చీ నా వైపు జరుపుకుని, మెల్లగా అడిగింది. "ఆయన మంచు అనలేదు కదా. అది ఎవరి మాట?"

"నాది" అన్నాను.

మామగారు, "ఏమంటోందమ్మాయ్ ఆవిడ?" అన్నారు. ఆ సాయంత్రం మొదటిసారి ఉన్నదున్నట్టు అనువదించాను.

ఆయన బోర్డు చంకన పెట్టుకుంటూ, "నువ్వు భయపడి అన్నావు. నాకు తెలుసు, నాకేం పట్టింపు లేదు" అన్నారు. "కానీ ఆ మాటతో ఆవిడ పెట్టె పోయుండేది. వెళ్ళి క్షమించమని అడుగు. నేను వ్యాన్ దగ్గర ఉంటాను."

ఈ దేశంలో దారికి అడ్డొచ్చినా సారీ, తుమ్మినా సారీ, రోజుకి యాభైసార్లు ఆ మాట అంటాను. ఆవిడ కుర్చీ ముందు నిలబడితే అది నోట్లోంచి రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు, చేతిలోని డోనట్ కాగితం మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పేదాకా నా వైపే చూస్తూ కూర్చుంది.